పోయినవారి సొత్తు: ముందు జాబితా, తర్వాతే పాట

వై.ఎన్.హొసకోటలో పట్టుచీర నేసే మనిషి కన్నుమూస్తే, ఆయన మగ్గం మీద సగం నేసిన చీర మిగిలిపోతుంది. షావుకారు కింద మజూరికి నేసే ఇల్లయితే ఆ పడుగు షావుకారిది. పేక పట్టు, జరీ కూడా ఆయనవే. నేసినంత మేరకు మజూరి మాత్రం పోయినాయనకు రావాలి. ముందే తీసుకున్న అడ్వాన్సు ఉంటే అందులోంచి పోవాలి. మగ్గం కొయ్య, అచ్చు, నాడెలు, పైన బిగించిన జకార్డు ఆయన కొనుక్కున్నవై ఉండొచ్చు, తండ్రి నుంచి వచ్చినవై ఉండొచ్చు, అన్నదమ్ములు కలిసి కొన్నవీ కావచ్చు. ఒక్క గదిలో ఒక్క మగ్గం చుట్టూ ఇన్ని హక్కులుంటాయి. ‘ఈ సామాను అమ్మేద్దాం’ అని ఇంట్లో ఎవరైనా అనేలోపే, ఇందులో పోయినాయన సొత్తు ఏదన్న ప్రశ్నకు జవాబు దొరకాలి.

హొసకోట కర్ణాటకలోని తుమకూరు జిల్లా, పావగడ తాలూకాలో ఒక హోబళి (తాలూకాలోని రెవెన్యూ విభాగం) కేంద్రం. ఆఫీసు కాగితం కన్నడంలో నడుస్తుంది, చాలా ఇళ్లలో మాట తెలుగులో నడుస్తుంది. తాలూకాకు చాలావైపుల హద్దు ఆంధ్రప్రదేశే. శ్రీ సత్యసాయి, అనంతపురం జిల్లాలు దాన్ని చుట్టుకుని ఉన్నాయి. పెళ్లి సంబంధాలు, చీరల బేరాలు, అప్పులు హద్దుకు అటూ ఇటూ తిరుగుతాయి. చావు తర్వాతి లెక్కలూ అంతే. తండ్రి ఇటువైపు పోతాడు, కూతురు అటువైపు కాపురం చేస్తుంటుంది, బాకీదారు మరో ఊళ్లో ఉంటాడు.

కర్మలు ముగిసేదాకా సామాను మాట ఎత్తకపోవడం ఈ ప్రాంతంలో మర్యాద. పోయినవారి పేరు మీద ఇచ్చే దానాలు ముందు జరుగుతాయి. తర్వాత ఏదో ఒకరోజు అన్నదమ్ములు, ఆడపడుచులు, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కూర్చుంటారు. ఇత్తడి సామాను, బీరువా, బండి, మగ్గం, పెట్టెలో నగలు ఒక్కొక్కటీ మాటల్లోకి వస్తాయి. కొన్ని పాళ్లకు పోతాయి, కొన్ని అమ్మకానికి పోతాయి. కోర్టు గడప తొక్కకుండానే ఎన్నో కుటుంబాల్లో ఇది పూర్తవుతుంది. అయినా ఆ కూర్చోవడం వెనుక వేల ఏళ్ల ధర్మశాస్త్రం ఉంది, మద్రాసు కోటలో ఆంగ్లేయులు నడిపిన వేలంపాటలున్నాయి, మైసూరు సంస్థానం చేసిన ఒక గొప్ప చట్టం ఉంది.

అప్పు తీరాకే ఆస్తి

పాత ధర్మశాస్త్రం ఆస్తిని, అప్పును వేరు చేసి చూడలేదు. ఎవరు సొత్తు తీసుకుంటారో వారే అప్పు తీర్చాలని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతుంది. తండ్రి అప్పు కొడుకుల మీద, మనవల మీద పడుతుంది. అయితే తాగుడుకూ జూదానికీ చేసిన అప్పు, కట్టని జరిమానా కొడుకు నెత్తిన రుద్దకూడదని అదే స్మృతి హద్దు గీసింది. ఆ స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంవాడు. ఆ కల్యాణి నేటి కర్ణాటకలోని బసవకల్యాణ. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన మితాక్షరను ఆధారం చేసుకుని తెలుగులో ‘విజ్ఞానేశ్వరీయము’ రాశాడు. తెలుగులో వచ్చిన తొలి న్యాయగ్రంథంగా దానికి పేరు. పంపకాల గురించి, అప్పుల గురించి తెలుగువారు తెలుగులోనే చదువుకునే వీలు ఏడు వందల ఏళ్ల కిందటే కలిగిందన్నమాట.

వారసుడే లేకపోతే? సొత్తు రాజుది. ఈ నియమం ఎంత కఠినంగా ఉండేదో కాళిదాసు ‘అభిజ్ఞాన శాకుంతలం’ ఆరో అంకంలో చూపించాడు. ధనమిత్రుడనే ఓడ వర్తకుడు సముద్రంలో మునిగి చనిపోతాడు. సంతానం లేదు కాబట్టి అతని ధనం రాజు ఖజానాకు చేరాలని మంత్రి రాసి పంపుతాడు. దుష్యంతుడు ఆ కాగితం మీద వెంటనే సరేననలేదు. అతని భార్యల్లో ఎవరైనా గర్భవతిగా ఉన్నారేమో కనుక్కోమన్నాడు. ఉందని తేలింది. కడుపులో బిడ్డకు తండ్రి సొత్తు మీద హక్కు ఉందని తీర్పు చెప్పాడు. సొత్తు మీద చెయ్యి వేయడానికి ముందు విచారణ జరగాలన్న న్యాయం ఆ చిన్న ఘట్టంలో ఉంది.

ఈ పద్ధతిలో అమ్మకం చివరి మెట్టు. పోయినవాడి ఇంట్లో వారసులు ఉంటారు, వారి కళ్లముందే సామాను ఉంటుంది. అమ్మితే అప్పు కోసం అమ్మాలి, కుటుంబ అవసరం కోసం అమ్మాలి. ఇంటి యజమాని తగిన అవసరం లేకుండా కుటుంబపు ఆస్తిని అమ్మితే అది చెల్లదన్న సూత్రాన్ని 1856లో ప్రీవీ కౌన్సిల్ కూడా హనుమాన్ ప్రసాద్ పాండే కేసులో గట్టిపరిచింది. ఆ సూత్రం నేటికీ హిందూ కుటుంబాల వ్యాజ్యాల్లో వినిపిస్తూనే ఉంది.

మద్రాసులో పాట

సముద్రం దాటి వచ్చిన వాళ్లకు ఈ పద్ధతి కుదరలేదు. సెయింట్ జార్జి కోటలో ఒక కంపెనీ ఉద్యోగి జ్వరంతో పోతే, వారసులు ఇంగ్లండులో ఉంటారు. కబురు చేరడానికే నెలలు పడుతుంది. అతని గుర్రాన్నీ పల్లకీనీ ఓడలో పంపలేరు. మద్రాసు ఎండకు పుస్తకాలు, బట్టలు పాడవుతాయి. పంపగలిగింది డబ్బు ఒక్కటే. అందుకని సామానంతా బహిరంగంగా పాట పెట్టి, అప్పులు తీర్చి, మిగిలినది హుండీగా లండనుకు పంపే అలవాటు స్థిరపడింది.

1726లో బ్రిటిష్ రాజు ఇచ్చిన చార్టర్‌తో మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లోని మేయర్ కోర్టులకు ప్రొబేట్ ఇచ్చే అధికారం వచ్చింది. ప్రొబేట్ అంటే, ఈ వీలునామా నిజమైనదేనని కోర్టు తేల్చి, దాన్ని అమలు చేసే మనిషికి అధికారపత్రం ఇవ్వడం. వీలునామా లేకుండా పోతే, సొత్తు చూసుకోవడానికి కోర్టే ఒకరిని నియమిస్తుంది. 1798లో రికార్డర్ కోర్టు, 1801లో సుప్రీంకోర్టు, 1862లో హైకోర్టు ఒకదాని తర్వాత ఒకటి మద్రాసులో ఈ పనిని అందుకున్నాయి. హిందువుల మధ్య తగాదాలు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప, మేయర్ కోర్టు వినకూడదని 1753 చార్టర్ చెప్పింది. ఒకే ఊళ్లో చావు తర్వాతి సొత్తుకు రెండు దారులు ఏర్పడ్డాయి: కోట లోపల వీలునామా, ప్రొబేట్, పాట; కోట బయట కుటుంబం, కులపెద్దలు, పంపకం.

ఆ పాటల్లో మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. ప్రతి వస్తువూ కాగితం మీదికి ఎక్కేది. కుర్చీ, వెండి గిన్నె, మదీరా సారా సీసాలు, పాత కోటు, పుస్తకం, ఏది ఎంతకు పోయిందో, ఎవరు కొన్నారో కూడా రాసేవారు. ఆ వీలునామాలు, జాబితాలు ఈస్టిండియా కంపెనీ దస్త్రాల్లో భాగమై ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 18వ శతాబ్దపు వలస జీవితం ఎలా ఉండేదో చరిత్రకారులు వాటిలోంచే వెలికి తీస్తున్నారు. సామాను చెదిరిపోయినా జాబితా మిగిలింది.

సామాను దేశాలు దాటి చెదిరిన కథ ఎలిహు యేల్‌ది. 1687 నుంచి 1692 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న ఆయన వజ్రాల వ్యాపారంలో బాగా సంపాదించాడు. అప్పట్లో లోకానికి వజ్రాలు అందించినవి కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గోల్కొండ రాజ్యపు గనులు. యేల్ 1721 జూలై 8న లండన్‌లో చనిపోయాడు. అమలుకు వచ్చే వీలునామా ఒక్కటీ లేదు. నగలు, బొమ్మలు, గడియారాలు, ఆసియా నుంచి తెచ్చిన వస్తువులు వేల సంఖ్యలో వరుస వేలంపాటల్లో అమ్ముడయ్యాయి. ఆయన ఇచ్చిన సరుకుతో నిలబడ్డ అమెరికా కాలేజీ ఆయన పేరుతోనే ఉంది. తెలుగు నేల కింద దొరికిన రాళ్లు మాత్రం ఏ ఇంటికి చేరాయో వెతికి పట్టుకోవడం కష్టం.

ముక్కలైన సింహాసనం

పావగడ ప్రాంతం మైసూరు సుల్తానుల ఏలుబడిలో ఉండేది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోటలో టిప్పు సుల్తాన్ యుద్ధంలో చనిపోయాడు. కొడుకులు బతికే ఉన్నారు. వారిని వేలూరు కోటకు పంపారు. తండ్రి సొత్తు మాత్రం వారికి దక్కలేదు. యుద్ధంలో గెలిచిన సైన్యానికి కొల్లసొత్తు చెందుతుందన్న అప్పటి నియమం ప్రకారం, సైన్యం తరఫున నియమించిన ప్రైజ్ ఏజెంట్లు దాన్ని లెక్కగట్టారు, పాట పెట్టారు, హోదాను బట్టి పంచారు. వారసులున్న మనిషి సొత్తును వారసుల మాట లేకుండా అమ్మడం ఇది. ఎంత పద్ధతిగా లెక్క రాసినా దాన్ని న్యాయం అనలేం.

టిప్పు సింహాసనం ఎనిమిది పలకల వేదిక. బంగారు రేకు తాపడం, కింద పెద్ద పులి తల, అంచు కటకటాల మీద రత్నాలు పొదిగిన చిన్న పులి తలలు, పైన గొడుగు మీద హుమా పక్షి. ముక్కలుగా అయితే అమ్మడం, పంచడం తేలికని ఏజెంట్లు దాన్ని విరగ్గొట్టించారు. పెద్ద పులి తల, హుమా పక్షి బ్రిటిష్ రాజకుటుంబం సేకరణకు చేరాయి. చిన్న పులి తలల్లో ఒకటి వేల్స్‌లోని పోవిస్ కోటలో ఉంది. మరొకటి 2009లో లండన్ వేలంపాటలో బయటికి వచ్చింది. ఇంకొకదానికి 2021లో 15 లక్షల పౌండ్ల విలువ కట్టి, అది దేశం దాటిపోకుండా బ్రిటన్ ప్రభుత్వం కొంతకాలం ఆపింది. రెండు వందల ఏళ్లకు పైగా గడిచినా ఒక సింహాసనం ఇంకా ముక్కలు ముక్కలుగా అమ్ముడవుతూనే ఉంది.

శ్రీరంగపట్నం కోటలోని టిప్పు గ్రంథాలయానికి కొంత మంచి గతి పట్టింది. సుమారు రెండు వేల చేతిరాత పుస్తకాల్లో చాలాభాగం విడివిడిగా పాటకు పోలేదు. చార్లెస్ స్టూవర్ట్ వాటికి వివరణ పట్టిక తయారుచేసి 1809లో అచ్చు వేయించాడు. పట్టిక ఉంది కాబట్టి ఏ పుస్తకం ఉండేదో నేటికీ చెప్పగలం.

మెకంజీ పోయాక

శ్రీరంగపట్నం ముట్టడిలో ఇంజనీరుగా పనిచేసినవారిలో కాలిన్ మెకంజీ ఒకడు. యుద్ధం ముగిశాక మైసూరు రాజ్యాన్ని కొలిచే సర్వే అతని చేతికి వచ్చింది. కొలతలతో పాటు ఊరి పుట్టుపూర్వోత్తరాలు, పాళెగాళ్ల వంశాలు, శాసనాలు, తాటాకు గ్రంథాలు సేకరించాడు. ఆ పనికి ప్రాణం పోసినవారు తెలుగువారు. ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరుల్లో వెంకట బొర్రయ్య దారి వేశాడు. అతడు 1803లో చిన్న వయసులోనే పోతే లక్ష్మయ్య అందుకున్నాడు. మరో సోదరుడు రామస్వామి తర్వాత దక్కను కవుల జీవితాలను ఆంగ్లంలో రాసి 1829లో కలకత్తాలో అచ్చు వేయించాడు. నిడుగల్లు, పావగడ కొండకోటల చుట్టూ పాళెగాళ్లు ఏలిన ఈ సీమకు ఆ తరం రాసిపెట్టిన కైఫియత్తులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, విలువ కట్టలేని ఆధారం. అవి లేకపోతే ఎన్నో ఊళ్ల గతం నోటిమాటగానే మిగిలిపోయేది.

మెకంజీ 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821 మే 8న బెంగాల్‌లో చనిపోయాడు. సేకరణకు పెట్టిన ఖర్చులో ఎక్కువ భాగం సొంత డబ్బే కావడంతో అదంతా అతని వ్యక్తిగత సొత్తు కింద లెక్కకు వచ్చింది. తాటాకు గ్రంథాలు, శాసనాల నకళ్లు, నాణేలు, అమరావతి శిల్పాల బొమ్మలు, ఊళ్ల కైఫియత్తులు అన్నీ ఒక్కసారిగా పోయినవాడి సామాను అయ్యాయి. భార్య పెట్రొనెల్లా వాటిని అమ్మజూపింది.

విడివిడిగా పాట పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. నాణేలు నాణేల సరదా ఉన్నవాళ్లు కొనేవారు, బొమ్మలు బొమ్మల వర్తకులు కొనేవారు, తెలుగు కైఫియత్తుల కాగితాలను పాటలో అడిగే నాథుడే ఉండేవాడు కాదు. ఆ గండం తప్పింది. బెంగాల్ ప్రభుత్వం మొత్తాన్ని ఒక్క సేకరణగా 10 వేల పౌండ్లకు, అంటే సుమారు లక్ష రూపాయలకు కొన్నది. సంస్కృత పండితుడు హెచ్.హెచ్.విల్సన్ దానికి పట్టిక తయారుచేసి 1828లో ప్రచురించాడు. ఆ లెక్క ప్రకారం గ్రంథాలు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనాలు 8,076, బొమ్మలు 2,630, నాణేలు 6,218. పోయినవాడి సామానుకు దక్షిణ భారత చరిత్రలో ఇంతకంటే గొప్ప జాబితా కనిపించదు.

కొన్నాక కూడా అది ఒక్కచోట ఉండలేదు. కొంత లండనుకు పోయింది, కొంత కలకత్తాలో ఆగింది, దక్షిణాది భాషల గ్రంథాలు మద్రాసుకు తిరిగొచ్చాయి. ఇప్పుడవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. బాధ కలిగించే సంగతి మరొకటి. ఆ సేకరణలో ఏ కాగితం ఏ ఊరిదో అందరికంటే బాగా తెలిసిన లక్ష్మయ్య, పనిని కొనసాగించే అవకాశం ఇమ్మని అడిగాడు. 1836లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ ఆ బాధ్యత అతనికి అప్పగించడానికి ఇష్టపడలేదు; దేశీయుడి చేతిలో అంత పెద్ద పని సాగదన్నది వారి అభిప్రాయం. సొత్తు దక్కింది, దాన్ని చదవగల మనిషి పక్కకు పోయాడు. ఆ నష్టానికి ఏ పట్టికా లెక్క కట్టలేదు.

తెలుగు గ్రంథాల మీద పనిచేసిన ఆంగ్లేయ అధికారి సి.పి.బ్రౌన్ ఇలాంటి నష్టాన్ని కొంత పూడ్చాడు. మెకంజీ కైఫియత్తులకు నకళ్లు రాయించాడు. 1811లో జావాలో చనిపోయిన పండితుడు జాన్ లైడెన్ సేకరించిన దక్షిణాది గ్రంథాలు లండన్‌లోని ఈస్టిండియా హౌస్‌లో పట్టించుకునే దిక్కు లేక పడి ఉంటే, సెలవు మీద వెళ్లిన బ్రౌన్ 1837 ప్రాంతంలో వాటిని గుర్తించాడు. రెండు వేలకు పైగా ఉన్న ఆ గ్రంథాలను మద్రాసుకు తెప్పించే ఏర్పాటు చేశాడు. పోయినవాడి సామానులో ఏముందో చదివి చెప్పగల ఒక్క మనిషి ఉంటే ఎంత మేలు జరుగుతుందో తెలుగువారికి బ్రౌన్ వల్ల అనుభవమే.

చట్టం ఏమంది

19వ శతాబ్దం నడిమికల్లా ప్రభుత్వం ఈ వ్యవహారాన్ని చట్టాల్లో బిగించడం మొదలుపెట్టింది. 1865 వారసత్వ చట్టం ముఖ్యంగా ఐరోపావారి వంటి వారికి వర్తించింది. 1870 హిందూ వీలునామాల చట్టం బెంగాల్‌కూ, మద్రాసు, బొంబాయి నగరాలకూ వచ్చింది. 1881 ప్రొబేట్ చట్టం, చివరికి అన్నిటినీ కలిపిన 1925 భారత వారసత్వ చట్టం వచ్చాయి. వీలునామాతో హక్కు అడగాలంటే ముందు ప్రొబేట్ తెచ్చుకోవాలన్న నిబంధనను హిందువుల విషయంలో 1925 చట్టం ఆ పాత హద్దుల్లోనే ఉంచింది. మైసూరు పల్లెల్లో, అనంతపురం పల్లెల్లో రాసిన వీలునామాలకు ఆ నిర్బంధం ఉండేది కాదు. హొసకోటలో ‘ప్రొబేట్’ అన్న మాట అరుదుగా వినబడటానికి కారణం ఇదే. వారసులెవరూ ముందుకు రాని సొత్తును చూసుకోవడానికి అడ్మినిస్ట్రేటర్ జనరల్ అనే అధికారి ఉన్నాడు. ఆ పదవిని 1874, 1913, 1963 చట్టాలు నడుపుతూ వచ్చాయి.

ప్రొబేట్ అవసరం లేని ఊళ్లో కూడా 1925 చట్టం పెట్టిన క్రమం తెలుసుకోదగినది. సొత్తు చేతికి వచ్చిన ఆరు నెలల్లో పూర్తి జాబితా, ఏడాదిలో జమాఖర్చు కోర్టుకు ఇవ్వాలి. మొదట అంత్యక్రియల ఖర్చు, చివరి జబ్బు ఖర్చు తీర్చాలి. ఆ తర్వాత కోర్టు ఖర్చు. దాని వెంటనే, చనిపోవడానికి ముందు మూడు నెలల్లో ఆయన దగ్గర పనిచేసిన కూలీలకు, చేతిపనివారికి, ఇంటి పనివారికి బాకీపడ్డ జీతం. మిగతా అప్పులవాళ్లు ఆ తర్వాతే. నాలుగు మగ్గాలు పెట్టి నేయించిన మనిషి పోతే, వాటి మీద నేసినవాళ్ల మజూరి వడ్డీవ్యాపారి బాకీకంటే ముందు తీరాలన్నమాట. సామాను అమ్మే బాధ్యత ఉన్న మనిషే దాన్ని తన పేరునో బినామీ పేరునో కొనుక్కుంటే, ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకునే హక్కు మిగతావారికి ఉంది. ‘పెద్దవాడు, చూసుకున్నాడు’ అని అగ్గువకు మగ్గం రాయించుకునే పద్ధతికి చట్టం అడ్డుకట్ట వేసింది.

హద్దుకు అటూ ఇటూ

ఎవరికి పాలు అన్న ప్రశ్నలో పావగడ కథ విచిత్రంగా నడిచింది. మైసూరు సంస్థానం కాబట్టి బ్రిటిష్ ఇండియా చట్టాలు వాటంతట అవి ఇక్కడికి వచ్చేవి కావు; సంస్థానం తన చట్టాలు తాను చేసుకునేది. 1933లో మైసూరు హిందూ స్త్రీల హక్కుల చట్టం తెచ్చింది. పంపకాల్లో భార్యకు, తల్లికి, పెళ్లికాని ఆడపిల్లలకు పాలు ఉంటుందని అది చెప్పింది. హద్దుకు అవతల మద్రాసు ప్రెసిడెన్సీలోని అనంతపురం జిల్లాలో వితంతువుకు అలాంటి ఊరట దొరికింది 1937 కేంద్ర చట్టంతో. హొసకోట ఆడవాళ్లు పొరుగుజిల్లా అక్కచెల్లెళ్లకంటే నాలుగేళ్లు ముందున్నారు.

1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం రెండువైపులా ఒకేసారి వచ్చింది. మగవాడు వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి ఒకే వరుసలో నిలిచారు. స్త్రీ చేతిలోని ఆస్తి పూర్తిగా ఆమెదే అయింది. స్థిరాస్తిలోగానీ నడుస్తున్న వ్యాపారంలోగానీ ఒక వారసుడు తన పాలు అమ్మదలిస్తే, కొనే అవకాశం ముందు మిగతా వారసులకు ఇవ్వాలన్న నిబంధన కూడా అందులో ఉంది. నేత వ్యాపారం నడిపే కుటుంబాలకు ఇది నేరుగా పనికొచ్చే మాట.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇవ్వడంలో ఈసారి అటువైపు ముందుకు పోయింది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. కర్ణాటక సవరణ 1994 జూలై 30 నుంచి. అంటే దాదాపు తొమ్మిదేళ్లపాటు ఆంధ్రవైపున్న మడకశిర ఇంట్లో పెళ్లికాని కూతురికి ఉన్న హక్కు, కొన్ని మైళ్ల దూరంలోని హొసకోట ఇంట్లో ఉన్న అదే ఈడు పిల్లకు లేదు. ఈ రెండు సవరణలూ అప్పటికే పెళ్లయిన కూతుళ్లను వదిలేశాయి. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ దేశమంతటా కూతురిని కొడుకుతో సమానం చేశాక ఆ తేడా పోయింది.

ఇప్పుడు

భూమి సంగతిలో కాగితం తప్పదు. హొసకోట మనిషి నాడకచేరికి (హోబళి రెవెన్యూ కార్యాలయం) పోయి వంశవృక్షం తీసుకుంటాడు, పొలాన్ని వారసుల పేరుకు మార్చడానికి పౌతి ఖాతెకు అర్జీ పెట్టుకుంటాడు. అటువైపు వాళ్లు తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మ్యుటేషన్ అంటారు. బ్యాంకులో పెద్ద మొత్తం ఉండి నామినీ లేకపోతే కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ అడుగుతారు. అన్నదమ్ములు రాజీపడితే పాలుపారికత్తు (పంపకాల పత్రం) రాసుకుంటారు.

ఇంట్లో సామానుకు ఈ కాగితాలేవీ ఉండవు. అందుకే ముందుగా చెదిరేది అదే. బంగారం కళ్లముందు ఉంటుంది, దాని మీద అందరూ మాట్లాడతారు. మగ్గాన్ని కొయ్య ధరకు, జకార్డును ఇనుము ధరకు, పాత రేకు పెట్టెలోని కాగితాలను కిలోల లెక్కన పాత సామాన్ల బండికి వేసేస్తారు. ఆ కాగితాల్లో ముప్పై ఏళ్ల మజూరి లెక్కల పుస్తకం ఉండొచ్చు. ఎవరెవరికి ఎంత ఇచ్చారో, పట్టు ధర ఏ ఏడు ఎంత పెరిగిందో, ఏ ఊరి షావుకారు ఏ చీర అడిగాడో అందులో ఉంటుంది. కొంగు బుటాలకు గళ్ల కాగితం మీద వేసిన డిజైన్లు, చిల్లులు పొడిచిన జకార్డు అట్టలు ఉండొచ్చు. హొసకోట నేత చరిత్ర ఎవరైనా రాయాలంటే ఆధారం ఇవే. ఇలాంటి లెక్కలు పోగొట్టుకుంటే వారసులకు మరో నష్టం కూడా ఉంది: రావలసిన బాకీ ఎవరి దగ్గరుందో, తీర్చాల్సిన బాకీ నిజంగా ఎంతో తేల్చే సాక్ష్యం వాటిలోనే ఉంటుంది.

అమ్మడం తప్పని ఎవరూ అనలేరు. ఆసుపత్రి అప్పు తీర్చాలంటే, ఆడపిల్ల పాలు డబ్బుగా ఇవ్వాలంటే, ఇల్లు ఖాళీ చేయాలంటే అమ్మక తప్పదు. మూడు శతాబ్దాల అనుభవం అడుగుతున్నది వరుస ఒక్కటే. యేల్ సామాను చెదిరింది. టిప్పు సింహాసనం ముక్కలైంది. మెకంజీ కాగితాలు మాత్రం జాబితాకు ఎక్కి, మొత్తంగా అమ్ముడయ్యాయి కాబట్టి తెలుగువారి ఊళ్ల చరిత్రకు ఆధారం మిగిలింది.

కాబట్టి హొసకోటలోగానీ, మడకశిరలోగానీ, ఎక్కడైనా సరే, ఇంట్లో పెద్దవారు పోయాక సామాను మాట వచ్చిన రోజున ముందు ఒక నోటుబుక్కు తెరవండి. ఇద్దరు పెద్దమనుషుల ఎదుట ప్రతి వస్తువూ రాయండి, ఫోన్‌తో ఫొటో తీయండి. ఇతరుల సొత్తు ముందు వేరుచేసి ఎవరిది వారికి అప్పగించండి. పనివాళ్ల మజూరి, తర్వాత అప్పులు తీర్చండి. అక్కచెల్లెళ్లను కూర్చోబెట్టి పాళ్లు తేల్చండి. అమ్మేదాన్ని ఇంటివాళ్లే కొంటే అందరి ఎదుట ధర చెప్పి కొనండి. లెక్కల పుస్తకాలు, తాటాకులు, డిజైన్లు తూకానికి వేయకుండా చదవగలిగిన ఒకరికి చూపించండి. ఇంట్లో ఉంచలేకపోతే మైసూరులోని ప్రాచ్య పరిశోధనాలయానికో, చెన్నై లిఖిత పుస్తక భాండాగారానికో, దగ్గరలోని విశ్వవిద్యాలయానికో ఉత్తరం రాయండి. జాబితా నకలు ప్రతి వారసుడికీ, ప్రతి వారసురాలికీ ఇచ్చాకే బండివాణ్ణి పిలవండి.